గుల్‌మర్గ్‌కి పేరు పెట్టిన సుల్తాన్ ఎక్కడ నిద్రపోతున్నాడు?

దసరా సెలవులొస్తే మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో కశ్మీర్ ఫోటోలు షురూ అవుతాయి. దాల్ సరస్సు మీద షికారా, ఎర్రబారిన చినార్ చెట్టు కింద ఖాలాజాన్, మర్నాడు గుల్‌మర్గ్‌లో గొండోలా. ఏం చూశారని అడిగితే ఒకటే జవాబు: "మొగల్ గార్డెన్లు." ఆ వాదీలో అంతకు ముందు తఖ్తూ లేదు, తాజూ లేదు అన్నట్టే ఉంటుంది వాళ్ళు విన్న తారీఖ్.

గుల్‌మర్గ్ సంగతే తీసుకోండి. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు, 2,650 మీటర్ల ఎత్తు. 1927లో ఇంగ్లీషు ఫౌజీ అఫ్సర్లు అక్కడ స్కీ క్లబ్బు పెట్టారు. ఇప్పుడు గొండోలా అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకుపోతుంది. ఖిజాన్‌లో, అంటే కశ్మీరీలు 'హరుద్' అనే ఈ ఆకురాలు కాలంలో, స్కీ చేసేవాళ్ళు ఇంకా రారు. గడ్డి పసుపెక్కి ఉంటుంది. పేరు చూసి మనలాంటి ఉర్దూవాళ్ళం ఉలిక్కిపడతాం, మర్గ్ అంటే మౌత్ కదా అని! అక్కడ మర్గ్ అంటే కొండల మధ్య పచ్చిక మైదానం. పాత పేరు గౌరీమర్గ్. దాన్ని పూల మైదానం చేసినవాడు యూసుఫ్ షా చక్, కశ్మీర్ సుల్తాన్.

1579లో తఖ్త్ ఎక్కాడు. పాటలన్నా, షికార్ అన్నా ప్రాణం. అమీర్లు తిరగబడి దించేస్తే అక్బర్ దగ్గరికి పోయి మదద్ అడిగాడు. ఆ మదద్ కోసం ఆగకుండానే 1580లో తిరిగి తన తఖ్త్ గెలుచుకున్నాడు గానీ, ఒకసారి గడప తొక్కాక అక్బర్ వదులుతాడా? రాజా భగవాన్ దాస్ వెంట ఫౌజు పంపాడు. కొండ దారుల్లో మంచు, వాన, తిండి కరువు. ఫౌజు ముందుకు పోలేకపోయింది. సులహ్ కుదిరింది: ఖుత్బా, సిక్కా అక్బర్ పేరు మీద, తఖ్త్ యూసుఫ్ షాది. ఆ వాదా మీద ఐతబార్ పెట్టి 1586లో అక్బర్ ముందుకు వెళ్ళాడు. అక్బర్ ఆ సులహ్‌ని ఒప్పుకోలేదు, ఖైదు చేశాడు. భగవాన్ దాస్ కటారుతో తనను తాను పొడుచుకున్నాడు. దర్బారు రాతల్లో అది పిచ్చి. మాట పోయిన రాజపుత్రుడి అవమానం అంటారు మరికొందరు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

కొడుకు యాకూబ్ షా పోరాడాడు. మన టూరిస్టులు పోయే అక్టోబర్ నెలలోనే, 1586లో, మొగల్ ఫౌజు శ్రీనగర్‌లో అడుగుపెట్టింది.

అక్బర్‌ని ఒట్టి జాలిమ్ అని తేల్చేయడం కూడా ఇన్సాఫ్ కాదు. హరి పర్బత్ చుట్టూ ఆయన కట్టించిన గోడకు కాఠీ దర్వాజా ఉంది. దాని మీద ఫార్సీలో చెక్కించాడు: తన ఖజానా నుంచి కోటీ పది లక్షలు, హిందుస్తాన్ నుంచి 200 మంది ఉస్తాద్‌లు, ఎవరి చేతా బేగారీ చేయించలేదు అని. 1597 కరువు రోజులవి. కూలి దొరకడమే పెద్ద సంగతి. తర్వాత జహంగీర్ 1619లో షాలిమార్ వేయించాడు, ఆసఫ్ ఖాన్ 1633లో నిషాత్. అందం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, మీ ఫోన్లలో ఉంది. జహంగీర్ కూడా కశ్మీర్ నుంచి దిగివస్తూ ఇదే ఖిజాన్‌లో, 1627 అక్టోబర్‌లో దారిలోనే పోయాడు.

వీలైతే పాంపోర్ దగ్గర ఆగండి. అక్టోబర్ చివర జాఫ్రాన్ పూలు విచ్చుకుంటాయి. పువ్వుకు మూడే ఎర్ర పోగులు, కిలో కావాలంటే దాదాపు లక్షన్నర పూలు. ఆ పక్కనే చందహార్, హబ్బా ఖాతూన్ పుట్టిన ఊరని చెబుతారు. యూసుఫ్ షా బేగం ఆమె అని కశ్మీరీ ఇళ్ళల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, కొందరు చరిత్రకారులు మాత్రం సుబూత్ అడుగుతారు. ఆమె విరహం పాటలు పెళ్ళిళ్ళలో, పొలాల్లో నేటికీ పాడతారు.

మరి యూసుఫ్ షా? ఖైదు నుంచి వదిలారు గానీ వతన్‌కి పోనివ్వలేదు. ఐదు వందల మన్సబ్ ఇచ్చి బీహార్ పంపారు. 1592లో మొగలుల తరఫున ఒడిశా జంగ్‌లో ఉండగా చనిపోయాడు. నలందా జిల్లా బిస్వక్‌లో దఫన్ చేశారు. పూల మైదానానికి పేరు పెట్టినవాడి మజార్ గంగా మైదానంలో ఉంది.

ఈ కిస్సా ఎక్కడో విన్నట్టుంది కదూ? సరిగ్గా 101 ఏళ్ళ తర్వాత, 1687లో ఔరంగజేబ్ గోల్కొండ తీసుకున్నాడు. మన అబుల్ హసన్ తానాషా, రామదాసు కథలో తెలుగువాళ్ళందరికీ తెలిసిన తానీషా, దౌలతాబాద్ ఖిలాలో ఖైదీగా పోయాడు. కుతుబ్ షాహీ గుంబజుల దగ్గర తాతముత్తాతలున్నారు, ఆయన మాత్రం ఖుల్దాబాద్‌లో ఉన్నాడు. బడిలో మన పిల్లల్ని ఎవరైనా "మొగలుల ఔలాద్" అని వెక్కిరించినప్పుడు వాళ్ళకు చెప్పడానికి మన దగ్గర ఈ ఇద్దరి కథలూ ఉండాలి. కశ్మీరీ సుల్తాన్‌నీ, దక్కనీ సుల్తాన్‌నీ ఖైదు చేసింది మొగలులే.

షాలిమార్‌లో ఫోటో దిగేటప్పుడు రాలిన చినార్ ఆకులు ఏరుకునే ఆడవాళ్ళు కనబడితే కాస్త ఆగి చూడండి. ఆ ఆకుల్ని కాల్చి బొగ్గు చేస్తారు. చలికాలం కాంగ్డీలో, ఫిరన్ లోపల, ఆ నిప్పే.