గౌట్ పెద్దమనుషుల జబ్బేనా?

డబ్లిన్‌లో ఒక తెల్లవారుజామున నా కాలి బొటనవేలు ఎర్రగా వాచింది. దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. డాక్టరు గౌట్ అన్నాడు. మా ఆవిడ మొదటి ప్రశ్న: "ఏమండీ, నాకు తెలియకుండా తాగుతున్నారా?" నేను చుక్క ముట్టను.

ఆ అనుమానం ఇప్పటిది కాదు. 1745లో వైస్రాయ్‌గా డబ్లిన్ వచ్చిన లార్డ్ చెస్టర్‌ఫీల్డ్, 1765లో రాసిన ఒక ఉత్తరంలో గౌట్‌ను పెద్దమనుషులకు, కీళ్లవాతాన్ని బండి తోలేవాళ్లకు పంచిపెట్టాడు.

1848లో లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువని చూపించాడు. 1961లో అమెరికాలో మెకార్టీ, హోలాండర్ కీలులోంచి తీసిన నీటిలో దాని సూదుల్లాంటి స్ఫటికాలను మైక్రోస్కోపు కింద గుర్తుపట్టారు. నేటికీ జబ్బును ఖాయంగా తేల్చే పరీక్ష అదే. నొప్పి రోజున రక్తపరీక్ష మామూలుగానే రావచ్చు.

ఈ ఆమ్లం ఎక్కువభాగం మన ఒంట్లోనే తయారవుతుంది. మూత్రపిండాలు సరిగా బయటికి పంపకపోతే పేరుకుంటుంది. అందులో వంశం పాత్ర పెద్దది. బీరు, కార్జం, రొయ్యలు దాన్ని ఇంకా పెంచుతాయి. ఐర్లండ్‌లో 2006 నుంచి 2014 దాకా రక్తంలో ఇది ఎక్కువున్నవారి శాతం మగవాళ్లలోనూ, ఆడవాళ్లలోనూ పెరిగిందని లిమరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కతేల్చారు.

సిగ్గుపడి దాచుకుని నొప్పిమాత్రలతో నెట్టుకొస్తే కీళ్లు పాడవుతాయి. ఆ మాత్రలు మూత్రపిండాలకూ చేటు చేయవచ్చు.

ఊళ్లో మా నాన్నగారి బొటనవేలి "బెణుకు" ఏటా ఎందుకు తిరగబెట్టేదో నాకిప్పుడు అర్థమైంది. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ ఒకసారి అడగండి.