పేరు లేని ఫ్యామిలీ ఫోటో

ఈ రోజు మీకు కొన్ని ఫ్యామిలీ ఫోటోల గురించి చెప్తాను. నిజానికి అవి ఫోటోలు కావు, నీటిరంగుల బొమ్మలు. అప్పటికింకా మన దేశానికి కెమెరా రాలేదు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తంజావూరు బొమ్మలు చాలా ఉన్నాయి. 1800 ప్రాంతంలో గీసినవి. ఒక్కో కాగితం మీద ఒక్కో జంట. ఆయన చేతిలో పనిముట్టు, ఆవిడ చేతిలో ఏ కుండో, బుట్టో. నేతగాడూ భార్య, కల్లుగీసేవాడూ భార్య... ఇలా వరుసగా.

మరి వీటిని గీయించుకున్నది ఆ కుటుంబాలేనా? కాదు! 1799లో తంజావూరు పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. అక్కడికొచ్చిన తెల్లదొరలు, 'ఈ దేశంలో ఎలాంటి మనుషులుంటారో చూడండి' అని సొంతూరి వాళ్లకి చూపించడానికి ఈ సెట్లు కొనేవాళ్లు. అందుకే బొమ్మ కింద కులం, వృత్తి రాసుంటాయి. మనిషి పేరు మాత్రం ఉండదు.

గీసినవాళ్లు ముచ్చి చిత్రకారులు. వీళ్ల పూర్వీకులు తెలుగు మాట్లాడే ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లని చరిత్రకారులు చెప్తారు. చాలా బొమ్మల మీద వాళ్ల పేర్లు కూడా లేవు.

అప్పట్లో పేర్లు రాసే అలవాటే లేదేమో అనుకుంటున్నారా? 1815 తర్వాత ఢిల్లీ వైపు ఫ్రేజర్ అన్నదమ్ములు గీయించిన ఆల్బమ్ చూడండి. అందులో చాలామంది పల్లెటూరి జనం పేర్లు, ఊళ్లతో సహా ఉన్నాయి. అంటే రాయాలనుకుంటే రాయొచ్చు.

పేరు తీసేస్తే ఏమవుతుంది? మనిషి కాస్తా శాంపిల్ అయిపోతాడు. ఈ చూపు బొమ్మలతో ఆగలేదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు వేసింది. ఈసారి ఫోటోలతో. అక్కడా జనాన్ని కులాలు, తెగల వారీగానే పేర్చారు. జనాభా లెక్కల్లోనూ కులం ఒక గడి అయి కూర్చుంది.

అలాగని ఈ బొమ్మల్ని పక్కన పడేయమని నేననను. జూమ్ చేసి చూడండి. చీర కట్టిన తీరు, చెవి నగలు, పనిముట్టు పట్టుకున్న పట్టు... మామూలు జనం ఎలా ఉండేవాళ్లో చెప్పే ఆధారాలు ఆ కాలానివి మనకి తక్కువే. రాజుల బొమ్మలైతే బోలెడున్నాయి.

చివరగా ఒక్క పని చేయండి. మీ ఇంట్లో తాతమ్మల నాటి ఫోటో ఉంటే, అందులో ఎవరెవరో పెద్దవాళ్లని అడిగి పేర్లు రాసిపెట్టండి. చెప్పేవాళ్లు ఉండగానే!