ఒలుచుకునే గింజ, పిండుకునే గింజ

ఉత్తర డకోటాలో మిస్సోరి నది ఒడ్డున ఉండే హిడాట్సా తెగ ఆడవాళ్లు వసంతం రాగానే అన్నిటికంటే ముందు నాటేది పొద్దుతిరుగుడు గింజే. చేను చుట్టూ గట్ల వెంట వేసేవారు. పంట ఇంటికొచ్చాక మట్టికుండను నిప్పుల మీద పెట్టి, కర్రతో కలియతిప్పుతూ గింజల్ని వేయించి, దంచి పిండి చేసేవారు. ఆ పిండిని ముద్దకట్టి యోధులు వెంట తీసుకెళ్లేవారు. దారిలో ఒళ్లు అలిసినప్పుడు కొంచెం కొరుక్కుని మళ్లీ నడక సాగించేవారు. ఆ తెగకు చెందిన మాక్సిడివియాక్ అనే పెద్దావిడ ఇవన్నీ పూసగుచ్చినట్టు చెబితే, గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడు రాసుకుని 1917లో అచ్చువేయించాడు.

పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి మూలవాసులు నాలుగు వేల ఏళ్లకు ముందే దాన్ని పొలానికి మచ్చిక చేశారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఐరోపా చేరిన ఆ మొక్క చాలాకాలం తోటల్లో అందానికే పెరిగింది.

దాని రాత మారింది రష్యాలో. 1829లో అప్పటి వొరోనెజ్ ప్రాంతంలోని అలెక్సేయెవ్కాలో దానీల్ బొకర్యోవ్ అనే రైతు చేతి గానుగతో ఆ గింజల నూనె తీశాడు. అతనికి స్వేచ్ఛ లేదు. షెరెమెత్యెవ్ ప్రభువుల కింద కట్టుబానిస. 1833 నాటికి అదే ఊళ్లో నూనె మిల్లు లేచింది. మిల్లులతో పాటే గింజలు కొరికే అలవాటూ ఊరూరా పాకింది. పల్లెల్లో బరువైన ఇనుప పెనం మీద గింజలు వేయించి, జేబుల్లో పోసుకుని, అరుగుల మీద కబుర్లాడుతూ తినేవారు. రష్యన్లు వాటిని సెమెచ్కి అంటారు. 1917 విప్లవ రోజుల్లో పెట్రోగ్రాడ్ వీధులు ఆ పొట్టుతో నిండిపోయాయని అప్పటివాళ్లు తమ జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

మరి ఆంధ్ర, తెలంగాణ చేలల్లోనూ పొద్దుతిరుగుడు పండినా, మనకు ఆ అలవాటు ఎందుకు రాలేదు?

జవాబు గింజలోనే ఉంది. పొద్దుతిరుగుడులో ఒలుచుకుని తినే రకాలు వేరు, నూనెకు వేసే రకాలు వేరు. మొదటి రకం గింజ పెద్దది, చారలుంటాయి. పెంకు మందం, లోపలి పప్పు వదులుగా ఉంటుంది. ముందుపళ్ల మధ్య పెట్టి నొక్కితే చిట్లి పప్పు ఊడివస్తుంది. రెండో రకం చిన్నగా నల్లగా ఉంటుంది. పెంకు పలచన, పప్పును గట్టిగా పట్టుకుని ఉంటుంది. రష్యాలోని క్రాస్నోదార్‌లో వసీలి పుస్తొవోయిత్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు ఎంపిక చేసుకుంటూ పోయి, గింజలో మూడో వంతు ఉన్న నూనెను దాదాపు సగానికి పెంచాడు. పెంకు తగ్గడం కూడా ఆ కృషిలో భాగమే.

1969లో సోవియట్ యూనియన్ నుంచి భారతదేశానికి వచ్చినవి ఆ కోవకు చెందిన పెరెడొవిక్ వంటి నూనె రకాలు. వంటనూనెల కొరత తీర్చుకోవడానికే తెప్పించుకున్నాం. 1977లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఏర్పడింది. 1980లో బెంగళూరు నుంచి తొలి పొద్దుతిరుగుడు సంకర రకం బీఎస్‌హెచ్-1 విడుదలైంది. ఆ గింజ మన రైతుకు మిల్లు సరుకుగానే పరిచయమైంది. కాలక్షేపానికి మనకు వేరుసెనగలు ఉండనే ఉన్నాయి.

ఇంట్లో వేయించుకోవాలనుకునేవారు ముందు ఒలుచుకునే రకమే ఎంచుకోవాలి. విత్తనాల దుకాణంలో నాటడానికి అమ్మే గింజల జోలికి అసలు పోకూడదు. వాటికి తెగుళ్ల మందు పట్టించి ఉంటుంది. పొడి ఉప్పు చల్లితే పెంకు మీదే ఆగిపోతుంది. అందుకే లీటరు నీళ్లలో నాలుగు పెద్ద చెంచాల ఉప్పు కరిగించి, గింజల్ని రాత్రంతా నానబెడతారు. పొద్దున నీళ్లు వంచి, బట్ట మీద తడి ఆరేదాకా పరుస్తారు. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల వేడిలో అరగంట నుంచి నలభై నిమిషాలు. లేకపోతే మందపాటి మూకుడులో సన్నసెగ మీద, చెయ్యి ఆపకుండా తిప్పుతూ. ఒకటి తీసి చల్లార్చి కొరికి చూడాలి. పెంకు టక్కున చిట్లి, పప్పు దోరగా కనిపిస్తే దించేయాలి. పెనం వేడికి ఆ తర్వాత కూడా అవి వేగుతూనే ఉంటాయి కాబట్టి వెంటనే పళ్లెంలోకి ఒంపాలి.

పొట్టు తీసిన పప్పయితే అయిదారు నిమిషాలు చాలు. పొయ్యి కట్టేశాక, పప్పు వెచ్చగా ఉండగానే చెంచా నూనె, ఉప్పు, కారం, చిటికెడు ఇంగువ వేసి కలపాలి. సెగ మీద వేస్తే కారం మాడి ఘాటెక్కుతుంది. ఈ పప్పులో నూనె ఎక్కువ కాబట్టి త్వరగా ముక్కవాసన వస్తుంది. వారానికి సరిపడానే వేయించి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పోసుకుంటే కరకరలాడుతూ నిలుస్తాయి.