బాలింతకు తోడు: ఆచారం నుంచి హక్కు వరకు

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు. బిడ్డ పుట్టిన ఇంట్లో తొలి ఆరు వారాలు ఎవరు వండారు, ఎవరు గుడ్డలు ఉతికారు, రాత్రిళ్లు ఎవరు మేలుకొన్నారు అన్నది కూడా చరిత్రే. వారి పేర్లు శాసనాలకు ఎక్కలేదు. కానీ తల్లీబిడ్డల ప్రాణాలు చాలావరకు వారి చేతుల్లోనే ఉండేవి.

తెలుగునాట తొలి కాన్పు పుట్టింట్లో జరపడం ఆనవాయితీ. తల్లి, అమ్మమ్మ, ఇరుగుపొరుగు స్త్రీలు బాలింతకు పథ్యం వండిపెట్టేవారు. బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేవారు. అలసిన శరీరానికి ఆ విధంగా విశ్రాంతి దొరికేది. అయితే ఈ ఏర్పాటులో కీడు కూడా ఉంది. మైల పేరుతో బాలింతను గాలీ వెలుతురూ లేని గదిలో ఉంచేవారు. శుభ్రంలేని పనిముట్టుతో బొడ్డు కోయడం వల్ల ఎందరో శిశువులు ధనుర్వాతానికి బలయ్యారు. పురుడు పోసే మంత్రసాని చాలాచోట్ల అణగారిన కులానికి చెందిన స్త్రీ. బిడ్డను లోకంలోకి తెచ్చిన ఆ చేతులనే సమాజం అంటరానివిగా చూసింది.

పేదరాలికి ఆ విశ్రాంతి కూడా దక్కలేదు. మిల్లు కార్మికురాలు పనికి రాకపోతే కూలి పోతుంది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందం ప్రసవం తర్వాత ఆరు వారాలు స్త్రీ చేత పని చేయించరాదని నిర్దేశించింది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చింది. తల్లికి ప్రసవానికి ముందూ తర్వాతా విశ్రాంతి ఇవ్వడం జాతి శ్రేయస్సుకు అవసరమని వాదిస్తూ డాక్టర్ అంబేద్కర్ దాన్ని సమర్థించారు. 1929లో అది చట్టమైంది. స్వాతంత్ర్యానంతరం 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం పన్నెండు వారాల వేతన సెలవు కల్పించింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లల విషయంలో దాన్ని ఇరవై ఆరు వారాలకు పెంచింది. అంతవరకు ఇంటివారి దయగా ఉన్న విశ్రాంతి ఈ విధంగా హక్కుగా మారింది. అయినా పొలం కూలీలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలలో అత్యధికులకు ఈ సెలవు అందలేదు.

చట్టం సెలవు ఇవ్వగలదు, తోడుగా మనిషిని ఇవ్వలేదు. ఆ లోటును తీర్చే మార్గం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో కనిపించింది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ గ్రామ స్త్రీలకే శిశు సంరక్షణలో శిక్షణ ఇచ్చారు. ఆ స్త్రీలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డ బరువు తూచారు, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం నేర్పారు, జబ్బు లక్షణాలను గుర్తించారు. ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు బాగా తగ్గాయని 1999లో వెలువడిన వారి పరిశోధన చూపింది. 2005లో మొదలైన ఆశా వ్యవస్థ 2011 నుంచి ఈ పద్ధతిని చేపట్టింది. ఆసుపత్రిలో కాన్పు అయితే మూడో రోజు మొదలు నలభై రెండో రోజు వరకు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. ఆ నలభై రెండు రోజులంటే 1919 ఒప్పందం చెప్పిన ఆరు వారాలే!

నేడు ఎందరో యువతులు పుట్టింటికి దూరంగా, నగరాల్లో బిడ్డలను కంటున్నారు. రేపు మీ స్నేహితురాలూ వారిలో ఒకరు కావచ్చు. అప్పుడు బిడ్డను చూసి వచ్చేయడమే పరామర్శ అనుకోకండి. వండిన అన్నం తీసుకెళ్లండి. చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి. ఆమెను ఒక గంట నిద్రపోనివ్వండి. జ్వరం గానీ అధిక రక్తస్రావం గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆమె రోజుల తరబడి దిగులుగా ఉంటే, "బిడ్డ పుట్టాక ఏడుపేమిటి?" అనకుండా వైద్యుల వద్దకు తోడు వెళ్లండి.

పాత ఆచారంలోని మైలను వదిలేద్దాం. అందులోని తోడును మాత్రం నిలుపుకుందాం.