దానం చేసే కంప్యూటర్లు: స్క్రీన్‌సేవర్ నుంచి గ్రాఫిక్స్ కార్డు దాకా

ఇంటి కంప్యూటర్ ఖాళీగా ఉన్న వేళను శాస్త్రవేత్తల లెక్కలకు ఇచ్చే పద్ధతి 1990లలో ఇళ్లకు చేరింది. 1996 జనవరిలో అమెరికా ప్రోగ్రామర్ జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం ‘గింప్స్’ ప్రారంభించాడు. 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గ్రహాంతర జీవుల సంకేతాలను వెతికే ‘సెటి ఎట్ హోమ్’ను విడుదల చేసింది. కొత్తగా ఏదీ కొనక్కర్లేదన్నదే అప్పటి ఆకర్షణ.

సెటి పని తీరు చూస్తే ఆ తర్వాత వచ్చిన మార్పులన్నీ అర్థమవుతాయి. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్ పట్టిన సంకేతాలను టేపుల మీద బర్క్‌లీకి పంపేవారు. అక్కడ వాటిని చిన్న ముక్కలుగా కోసి ఇళ్లకు పంచేవారు. ఒక్కో ముక్కలో 107 సెకన్ల రికార్డింగు ఉండేది, పరిమాణం సుమారు 350 కిలోబైట్లు. డయలప్ కనెక్షన్ మీద కూడా సులభంగా దిగేది కానీ, దాన్ని విశ్లేషించడానికి మామూలు కంప్యూటర్‌కు గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాటి పట్టేది. అంటే ఇక్కడ నెట్ వేగం అడ్డు కాదు, దశాంశాల లెక్కలు చేసే ప్రాసెసర్ వేగమే అడ్డు. మొదటి మెరుగుదల పైసా ఖర్చు లేనిది: స్క్రీన్‌సేవర్‌లో కదిలే రంగుల గ్రాఫులు గీయడానికే ప్రాసెసర్ సమయం కొంత పోయేది. బొమ్మలు లేని కమాండ్‌లైన్ వెర్షన్ నడిపితే పని త్వరగా తేలేది.

ఆ తర్వాత మదర్‌బోర్డుల వంతు. ఇంటెల్ చవక ప్రాసెసర్ సెలరాన్ 300ఎ 300 మెగాహెర్ట్జ్‌ది. దాన్ని మిగతా భాగాలతో కలిపే బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే చాలావరకు 450 వద్ద నిలకడగా నడిచేది. 1999లో అబిట్ కంపెనీ తెచ్చిన బీపీ6 బోర్డులో రెండు సెలరాన్లు పెట్టుకోవచ్చు. విండోస్ 98 రెండో ప్రాసెసర్‌ను గుర్తించదు కాబట్టి విండోస్ ఎన్‌టీ గానీ లినక్స్ గానీ వేసుకుని, రెండు ముక్కలను పక్కపక్కనే నడిపేవారు. ఖాళీ సమయాన్ని ఇవ్వడంతో మొదలైన పద్ధతి, లెక్కల కోసమే కంప్యూటర్ కట్టుకోవడం దాకా వచ్చింది ఇక్కడే.

వేగం పెంచితే తప్పులూ పెరిగే ప్రమాదం ఉంది. అందుకే సెటి ఒకే ముక్కను ఒకరికి మించి పంపి, జవాబులను సరిచూసేది. గింప్స్ వారి ప్రైమ్95 ప్రోగ్రామ్‌లోని పరీక్ష ఓవర్‌క్లాకింగ్ (ఇలా వేగం పెంచడం) చేసేవారందరికీ కొలబద్ద అయింది. మంచి హీట్‌సింక్, సరిపడా పవర్ సప్లై ఈ రంగంలో ఆడంబరాలు కావు. తప్పుడు జవాబు వల్ల దానం చేసిన సమయమంతా వృథా అవుతుంది.

2004లో సెటి ‘బోయింక్’ వేదికకు మారడం మొదలైంది. అది ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కు ఒక్కో పని అప్పగిస్తుంది. కోర్లు పెరిగితే ఆ మేరకు ర్యామ్ కూడా పెంచుకోవాల్సి వచ్చింది.

అసలు మలుపు గ్రాఫిక్స్ కార్డుతో వచ్చింది. ప్రోటీన్ల మడతలను అనుకరించే ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’ 2006 అక్టోబరులో ఏటీఐ కార్డులకు క్లయింట్ విడుదల చేసింది. 2007 మార్చిలో ప్లేస్టేషన్ 3 కూడా చేరింది. వందలాది చిన్న లెక్కలు ఒకేసారి చేయగల కార్డు ప్రాసెసర్‌ను ఎంతో వెనక్కు నెట్టింది. అయితే ఏ కార్డు కొనాలన్నది పనిని బట్టి మారుతుంది. పాలపుంతను అధ్యయనం చేసే ‘మిల్కీవే ఎట్ హోమ్’ గ్రాఫిక్స్ పనులకు డబుల్ ప్రెసిషన్ (మరింత కచ్చితమైన దశాంశ లెక్కలు) కావాల్సి వచ్చేది. ఆటల్లో దీటుగా నిలిచే రెండు కార్డులు ఇక్కడ దూరమైపోయేవి: రేడియాన్ హెచ్‌డీ 7970లో ఆ వేగం మామూలు లెక్కల వేగంలో నాలుగో వంతు, జీఫోర్స్ జీటీఎక్స్ 680లో ఇరవై నాలుగో వంతు మాత్రమే. ఖర్చు కార్డుతో ఆగదు. 250 వాట్ల కార్డు రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 6 యూనిట్ల కరెంటు అవుతుంది, గది కూడా వేడెక్కుతుంది.

2020 మార్చిలో కోవిడ్ పరిశోధనకు జనం ఒక్కసారిగా తరలిరావడంతో ఫోల్డింగ్ ఎట్ హోమ్ సామర్థ్యం ఒక ఎక్సాఫ్లాప్ దాటింది. అదే నెల 31న సెటి కొత్త ముక్కలు పంచడం ఆపేసింది. 2024 అక్టోబరులో గింప్స్ 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను ప్రకటించింది. 28 ఏళ్లుగా మామూలు కంప్యూటర్లకే దక్కుతూ వచ్చిన ఈ ఘనత ఈసారి డేటా సెంటర్లలో అద్దెకు తీసుకున్న గ్రాఫిక్స్ ప్రాసెసర్లకు దక్కింది.