జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో యాంప్లిఫయర్ మోత

ఈ మూడు ఊళ్లకు రేడియో దారి హైదరాబాదు మీదుగానే వచ్చింది. 1935లో నిజాం సర్కారు చేతికి వచ్చిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆనాటి వాల్వు సెట్లలో ఫిలమెంటును వేడిచేసే ఏసీ కరెంటే గుర్రుమనే మోతకు ఒక కారణం. ట్రాన్సిస్టర్ వచ్చాక ఫిలమెంటు పోయింది గానీ మోత పోలేదు.

1970ల నుంచి గల్ఫ్ వలస పెరిగింది. దుబాయి, మస్కట్ నుంచి సెలవుపై వచ్చినవాళ్లు టేప్ రికార్డర్లు తెచ్చేవారు. వాటికి జతగా యాంప్లిఫయర్‌ను ఇక్కడే బిగించుకునేవాళ్లకు విడిభాగాలు హైదరాబాదు కోఠిలో దొరికేవి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం స్పీకర్‌లో దాగిన మోత కూడా బయటపడుతుంది.

మోత ఎక్కడి నుంచి వస్తోందో తేల్చే పరీక్ష వాల్యూమ్ దగ్గర మొదలవుతుంది. పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉంటే ముందు పవర్ సప్లైని అనుమానించాలి. 50 హెర్ట్జ్ కరెంటు ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ దాటాక 100 హెర్ట్జ్ అలగా మిగులుతుంది. దాన్ని చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్ ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది. సెట్టు ఆపి, మంచి కెపాసిటర్ వేసి చూస్తే మోత తగ్గిందంటే లోపం దొరికినట్టే. వాల్యూమ్‌తోపాటు మోత కూడా తగ్గితే చూడాల్సింది ఇన్‌పుట్ వైపు. షీల్డు వైరు తెగి ఉండవచ్చు, లేదా గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి లూప్ ఏర్పడి ఉండవచ్చు. గ్రౌండ్ వైర్లన్నీ ఒకే బిందువులో టంకం వేయడం లూప్‌కు నమ్మకమైన మందు.

మరమగ్గాల ఊరైన సిరిసిల్లలో ఇంకో సంగతీ చూడాలి. అదే లైన్‌లో మోటారు ఆన్, ఆఫ్ అయినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు సెట్టు లోపం కాకపోవచ్చు. అప్పుడు లైన్ ఫిల్టర్, సరైన ఎర్తింగ్ కావాలి.