ఊళ్ళో ఆడకుండానే గెలిచిన జట్టు

2009 మే 24, ఆదివారం రాత్రి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక బాయ్స్ హాస్టల్. ఇరవై మంది దాకా, తిన్న ప్లేట్లు కూడా కడక్కుండా, మెస్‌లో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు కూర్చున్నాం. జొహానెస్‌బర్గ్‌లో ఐపీఎల్ ఫైనల్. డెక్కన్ చార్జర్స్ 143 కొట్టింది. బెంగళూరు ఛేజ్ చేస్తోంది. చివరి ఓవర్ ఆర్పీ సింగ్ వేశాడు. ఆరు పరుగులతో మనం గెలిచాం.

"మనం" అని రాశాను చూడండి. ఇన్నేళ్ళయినా ఆ మాట మారలేదు.

నిజానికి ఆ మెస్‌లో హైదరాబాద్‌లో పుట్టినవాడు ఒక్కడూ లేడు. ఒంగోలు, కరీంనగర్, కర్నూలు, నల్లగొండ, శ్రీకాకుళం. బీటెక్ అయిపోయి, లేదా అయిపోతూ, జావాయో ఒరాకిలో నేర్చుకుంటే ఏదో ఒక ఉద్యోగం వస్తుందని వచ్చినవాళ్ళం. ఆ ఏడాది జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలన్నీ తప్పని దాని వ్యవస్థాపకుడే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. అమెరికాలో మాంద్యం సరేసరి. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్లు కొందరి దగ్గర ఉన్నాయి గానీ జాయినింగ్ డేట్ ఎవరికీ లేదు. ఆ ఎండాకాలంలో మాకు దొరికిన ఒకే ఒక్క గెలుపు ఇది. బండ్లున్నవాళ్ళు ముగ్గురేసి ఎక్కి, అరుచుకుంటూ పంజగుట్ట చౌరస్తా దాకా వెళ్ళొచ్చారు.

తిరిగొచ్చాక, మెట్ల మీద కూర్చుని ఉండగా, కరీంనగర్ రూమ్మేట్ అడిగాడు: "అంతా బానే ఉంది గానీ మామా, వీళ్ళు మన ఊళ్ళె ఒక్క మ్యాచన్నా గెలిచిన్రా?"

లేదు. ఒక్కటి కూడా లేదు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాం. ఈమధ్య మళ్ళీ ఆ ప్రశ్న గుర్తొచ్చి, ఆ జట్టు కథ మొదట్నుంచీ తిరగేస్తే, నవ్వు రాలేదు.

*

2008 జనవరిలో ఐపీఎల్ జట్లను వేలం వేశారు. హైదరాబాద్ జట్టును డెక్కన్ క్రానికల్ పత్రిక యాజమాన్యం 10.7 కోట్ల డాలర్లకు పాడుకుంది. అప్పటి మారకంలో 400 కోట్ల రూపాయలకు పైనే. వీవీఎస్ లక్ష్మణ్‌కి "ఐకాన్ ప్లేయర్" హోదా ఇస్తామన్నారు. ఐకాన్ అయితే జట్టులో అందరికంటే ఎక్కువ జీతం ఇవ్వాలి. ఆ డబ్బు మిగిలితే మంచి ఆటగాళ్ళని కొనుక్కోవచ్చని లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. మిగిలిన డబ్బుతో గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది వచ్చారు. 13.5 లక్షల డాలర్లకు ఆండ్రూ సైమండ్స్ వచ్చాడు. ఆ వేలంలో ధోనీ తర్వాత అతనిదే ఎక్కువ ధర.

కాగితం మీద ఇంతకంటే భయంకరమైన జట్టు లేదు. మైదానంలో 14 మ్యాచుల్లో రెండే గెలిచింది. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఉప్పల్‌లో ఆడిన ఏడు మ్యాచులూ ఓడిపోయింది. వాటిలో ఒకటి ఇప్పటికీ మింగుడు పడదు. ఏప్రిల్ 24న రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టాడు. జట్టు స్కోరు 214. రాజస్థాన్‌కి చివరి ఓవర్లో 17 కావాలి. బంతి కూడా సైమండ్స్‌కే ఇచ్చారు. షేన్ వార్న్ ఒక ఫోరు, రెండు సిక్సర్లు కొట్టి మ్యాచ్ పట్టుకుపోయాడు.

మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు, ఐపీఎల్ ఒకేసారి వచ్చాయి. రెండింటికీ భద్రత ఇవ్వడం కుదరదనడంతో టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకి వెళ్ళిపోయింది. మిగతా జట్లకి అది ఇబ్బంది. మన జట్టుకి మాత్రం ఇంటి పీడ వదిలినట్టయింది. జెర్సీ కూడా మారింది. లేత గోధుమరంగు పోయి నీలం వచ్చింది. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లీమన్ కోచ్. ఆర్పీ సింగ్ 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ తీసుకున్నాడు. రోహిత్ శర్మ ముంబై మీద హ్యాట్రిక్ తీశాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 17 బంతుల్లో అర్ధసెంచరీ చేసి, 35 బంతుల్లో 85 కొట్టాడు. ఫైనల్లో మొదటి ఓవర్లోనే కుంబ్లే చేతిలో సున్నాకి అవుటయ్యాడు. అయినా గిబ్స్ 53 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు. సరిపోయింది.

అలా హైదరాబాద్ జట్టు, హైదరాబాద్‌లో ఒక్క బంతి కూడా వేయకుండా, ఛాంపియన్ అయింది.

*

ఛాంపియన్లు ఇంటికి రావాల్సిన ఏడాది 2010. 2009 డిసెంబర్ 9 ప్రకటన తర్వాత ఇక్కడ పరిస్థితి ఎలా ఉండేదో అప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. బందులు, రాస్తారోకోలు, ఉస్మానియాలో పోలీసులు. తెలంగాణ ఉద్యమం దృష్ట్యా హైదరాబాద్, విశాఖల్లో జరగాల్సిన మ్యాచులను తరలించారు. చార్జర్స్ తమ "ఇంటి" మ్యాచులను నాగ్‌పూర్‌లో, కటక్‌లో, నవీ ముంబైలో ఆడింది. మళ్ళీ సెమీఫైనల్ దాకా వెళ్ళింది.

ఆ నెలల్లో మా హాస్టల్లో మాట్లాడుకోలేని విషయాలు చాలా ఉండేవి. అమీర్‌పేట హాస్టళ్ళలో అన్ని జిల్లాలవాళ్ళూ ఒకే గదిలో పడుకుంటారు. న్యూస్ ఛానల్ పెడితే ఎవడో ఒకడు లేచి వెళ్ళిపోయేవాడు. అందుకని సాయంత్రం ఏడున్నర దాటాక న్యూస్ పెట్టకూడదని ఒక ఒప్పందం కుదిరింది. ఆ టైంలో మ్యాచ్ పెట్టేవాళ్ళం. డెక్కన్ అన్న పేరులో ఎవరి రాష్ట్రమూ లేదు. కరీంనగర్ వాడూ, ఒంగోలు వాడూ కటక్‌లో జరిగే మ్యాచ్ చూస్తూ, ఒకే క్యాచ్ వదిలేసినందుకు ఒకే ఆటగాణ్ణి తిట్టుకునేవాళ్ళు. ఆట మనుషుల్ని కలిపేస్తుందని నేను అనను. మ్యాచ్ అయ్యాక మళ్ళీ ఎవరి మంచం వాళ్ళదే. కానీ ఆ మూడున్నర గంటలు మాత్రం గదిలో ఉండగలిగేవాళ్ళం.

2011లో జట్టు ఎట్టకేలకు ఉప్పల్ తిరిగొచ్చింది. కానీ ఛాంపియన్లు రాలేదు. ఆ ఏడాది ఆటగాళ్ళందర్నీ మళ్ళీ వేలం వేశారు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి, రోహిత్, సైమండ్స్ ముంబైకి, లక్ష్మణ్ కొచ్చికి వెళ్ళిపోయారు. ఉప్పల్‌లో చార్జర్స్ మొదటి గెలుపు అప్పుడు గానీ రాలేదు. చూడ్డానికి అందరూ కొత్త మొహాలు. మా రూమ్మేట్ ప్రశ్నకి జవాబు దొరికింది, అడిగినవాడు అప్పటికే పుణెలో ఉద్యోగంలో చేరాడు.

2012 సీజన్ ముగిసేసరికి యాజమాన్యం అప్పుల్లో ఉంది. జట్టుని అమ్మకానికి పెట్టారు. వచ్చిన ఒక్క బిడ్‌నీ కాదన్నారు. సెప్టెంబర్‌లో బీసీసీఐ ఒప్పందం రద్దు చేసింది. వ్యవహారం బొంబాయి హైకోర్టుకెక్కింది. అక్టోబర్ 25న సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున కొత్త హైదరాబాద్ జట్టును పాడుకుంది. సంగక్కర, స్టెయిన్, ధావన్ సహా పాత ఆటగాళ్ళు చాలామంది కొత్త జెర్సీలోకి మారారు. పాత యాజమాన్యానికి 4,800 కోట్లు చెల్లించాలని 2020లో మధ్యవర్తి తీర్పిస్తే, 2021లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఎవరికి ఎంత రావాలన్నది కోర్టులు ఏళ్ళ తరబడి చూశాయి. 2009 కప్పు ఇప్పుడు ఎవరిదన్నది ఎవరూ అడగలేదు. సన్‌రైజర్స్ చరిత్ర 2013లో మొదలవుతుంది, వాళ్ళ కప్పు 2016ది. చార్జర్స్ రికార్డు వారసులు లేని ఆస్తిలా పుస్తకాల్లో విడిగా ఉంది.

*

కొన్నేళ్ళ తర్వాత ఆఫీసులో ఒక కెనడా క్లయింట్ ప్రాజెక్టు మీద పనిచేశాను. అటువైపు టీంలో క్యుబెక్ సిటీ నుంచి ఒక పెద్దాయన ఉండేవాడు. చలికాలం వీడియో కాల్స్‌లో ఎప్పుడూ ఒకటే పాత నీలం జెర్సీ. అడిగితే చెప్పాడు, అది నార్డీక్స్ అనే ఐస్ హాకీ జట్టుదని. ఊరు చిన్నది, కెనడా డాలర్ విలువ పడిపోయింది, ఆటగాళ్ళ జీతాలు పెరిగిపోయాయి. 1995లో జట్టుని అమ్మేశారు. అది అమెరికాలోని డెన్వర్‌కి వెళ్ళి, కొలరాడో అవలాంచ్ అని పేరు మార్చుకుని, 1996లో, అంటే మొదటి ఏడాదే, స్టాన్లీ కప్ గెలిచింది. క్యుబెక్ వాళ్ళు ఏళ్ళ తరబడి అరిచి పెంచిన జట్టు, వేరే ఊరి పేరుతో గెలవడం టీవీలో చూశారు. మళ్ళీ జట్టు వస్తుందన్న ఆశతో 2015లో కొత్త స్టేడియం కూడా కట్టుకున్నారు. ఇంకా రాలేదు.

విన్నిపెగ్ కథ ఇంకా చిత్రం. అక్కడి జెట్స్ జట్టు 1996లో ఫీనిక్స్ వెళ్ళిపోయింది. 2011లో అట్లాంటాలో నడవని జట్టొకటి విన్నిపెగ్‌కి వచ్చింది. దానికి మళ్ళీ జెట్స్ అనే పేరు పెట్టుకున్నారు. ఆటగాళ్ళు వేరు, కంపెనీ వేరు, పేరు మాత్రం ఊరు ఉంచేసుకుంది. మనమూ ఆ పని చేసి ఉండొచ్చు. 2012 చివర్లో ఆ ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఎందుకు రాలేదు? మన దగ్గర అభిమానం అనేదాని అచ్చు సినిమాలో పోశారు. మనకి హీరో ఉంటే సంఘం పెడతాం, కటౌట్ కడతాం, పాలు పోస్తాం. హీరో ఎటు వెళ్తే అటు వెళ్తాం. జట్టు అనేదాన్ని ప్రేమించడం మనకి కొత్త. ఉప్పల్‌లో చెన్నై మ్యాచ్ రోజు స్టాండ్స్ చూడండి, సగానికి పైగా పసుపు. వాళ్ళంతా చెన్నై నుంచి రాలేదు, కూకట్‌పల్లి నుంచే వచ్చారు, ధోనీ కోసం. 2021లో సన్‌రైజర్స్‌లో హైదరాబాద్ కుర్రాళ్ళే లేరని అప్పటి ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ గట్టిగా నిలదీశారు. చాలామంది నవ్వారు గానీ, ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్ అప్పటికే బెంగళూరుకి ఆడుతున్నాడు. మరుసటి ఏడాది తిలక్ వర్మ ముంబైకి వెళ్ళాడు.

అయితే ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. జట్టు మీద నమ్మకం లేని ఊరు మనుషులకి వరసలు కలుపుకుంది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన విలియమ్సన్ "కేన్ మామ" అయ్యాడు. లాక్‌డౌన్‌లో ఇంట్లో తెలుగు పాటలకి స్టెప్పులేసిన వార్నర్‌ని 2021లో కెప్టెన్సీ నుంచి, ఆపైన జట్టులోంచి తీసేస్తే, ఇంటల్లుణ్ణి అవమానించినట్టు బాధపడ్డారు జనం. 2025లో అతను తెలుగు సినిమాలో కనిపించేదాకా వచ్చింది ఆ చుట్టరికం. ఫ్రాంచైజీ ఒప్పందంలో ఈ వరసలకి ఏ క్లాజూ లేదు, అందుకే వాటిని ఎవరూ రద్దు చేయలేరు.

*

ఇదంతా క్రికెట్ గోల అనుకుంటే, ఫుట్‌బాల్ చూడండి. 2019లో పుణె జట్టు మూతపడి, ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలి సొంత మైదానం. 2021-22 సీజన్ కోవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో ఓడించి హైదరాబాద్ ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మళ్ళీ అదే కథ: ఆ సీజన్లో సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండా కప్పు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరు మార్చుకుంది. నార్డీక్స్ పెద్దాయన ఉండుంటే అతనికి ఫోన్ చేసేవాణ్ణి. రిటైరైపోయాడు.

ఈ ఊరికి ఇలా కాని జట్టు కూడా ఒకప్పుడు ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన కోచింగ్‌లోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆటగాళ్ళకి పోలీసు ఉద్యోగం ఉండేది, రోజూ కనిపించే మనుషులు. ఆ జట్టుని ఎవరూ కొనలేదు, అమ్మలేదు. అయినా మనం దాన్ని మర్చిపోయాం. 2024లో హిందీలో "మైదాన్" సినిమా వచ్చేదాకా రహీం పేరు నాకే తెలియదు. కాబట్టి తప్పంతా యజమానుల మీద తోసేయడానికి వీల్లేదు. ఊరు గుర్తుపెట్టుకోకపోతే, ఊళ్ళోనే ఉన్న జట్టు కూడా పోతుంది.

అందుకే ఇదంతా రాశాను. మొన్న ఏప్రిల్‌లో అమీర్‌పేట మెట్రోలో, ఉప్పల్ వైపు వెళ్ళే ప్లాట్‌ఫామ్ మీద, నారింజ జెర్సీల గుంపు మధ్య నిలబడ్డాను. భుజానికి కోచింగ్ సెంటర్ బ్యాగ్ తగిలించుకున్న కుర్రాడొకడు పక్కవాడికి చెప్తున్నాడు, మన హైదరాబాద్ ఒక్కసారే గెలిచింది, 2016లో, అని.

"రెండుసార్లు," అన్నాను. వాళ్ళు నావైపు తిరిగారు. రైలు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. గిల్‌క్రిస్ట్ దగ్గర మొదలుపెట్టాను.